ఆ బండే ఈ బండి అని చెప్పేదెవరు?

రేసు కోసం కట్టిన స్పోర్ట్స్ కారు పుట్టినప్పటి భాగాలతో ఎక్కువ కాలం బతకదు. ఒక సీజన్‌లో ఇంజిను పగులుతుంది, మరో సీజన్‌లో గేర్‌బాక్సు మారుతుంది. ప్రమాదంలో అల్యూమినియం బాడీ నలిగిపోతే కొత్త రేకు కొడతారు. నిబంధనలు మారితే చాసిస్‌నే కోసి అతుకుతారు. యాభై అరవై ఏళ్ల తర్వాత ఏ వేలంశాలలోనో, ఏ పచ్చికబయలు ప్రదర్శనలోనో అది మళ్లీ కనిపించినప్పుడు దాని ముందు నిలబడ్డవాళ్లంతా అడిగేది ఒకటే: అప్పట్లో ఆ రేసు గెలిచిన బండి ఇదేనా? పైకి ఇది అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ సంబంధించిన ప్రశ్నలా ఉంటుంది. లోపల చూస్తే తత్త్వశాస్త్రంలోని చాలా పాత చిక్కు. మారుతూ పోయే వస్తువు ఏ అర్థంలో అదే వస్తువుగా నిలుస్తుంది? నిలిచిందని ఎవరికి, ఎలా తెలుస్తుంది? ఇలాంటి కార్లను ఫొటోలు తీసేవాళ్లు, వాటి గురించి రాసేవాళ్లు కేవలం అందాన్ని పొగిడే పనిలో ఉన్నారని అనుకోవడం పొరపాటు. ఆ కారు ‘అదే కారు’ అవడంలో వాళ్ల సాక్ష్యానికి సగం పాలు ఉంది.

గ్రీకు రచయిత ప్లూటార్క్ థీసియస్ ఓడ సంగతి రాశాడు. ఏథెన్సువాసులు కుళ్లిన పలక తీసి కొత్త పలక వేస్తూ ఆ ఓడను తరాలపాటు కాపాడుకున్నారు. అది పాత ఓడేనా అని తాత్త్వికులు రెండు పక్షాలుగా చీలి వాదించుకునేవారు. 17వ శతాబ్దంలో థామస్ హాబ్స్ దీనికి ఇంకో ముడి వేశాడు. తీసిపారేసిన పలకలన్నీ ఎవరో ఏరి దాచి, అదే వరుసలో బిగించి రెండో ఓడ కడితే అసలు ఓడ ఏదవుతుంది? ఓడ విషయంలో ఇది ఊహే. రేసు కార్ల విషయంలో కళ్లముందు జరిగింది. ఒక జట్టు తన పాత కారును విప్పి అమ్మేస్తే ఇంజిను ఒకరికి, చాసిస్ ఒకరికి చేరతాయి. కొన్నేళ్లకు ఇంజిను ఉన్నవాడు కొత్త చాసిస్ చేయించుకుంటాడు, చాసిస్ ఉన్నవాడు వేరే ఇంజిను పెట్టిస్తాడు. ఇద్దరూ ఒకే నంబరు తమదేనంటారు.

భారతీయ వాఙ్మయంలో ఈ చర్చకు ప్రసిద్ధమైన ఉదాహరణ కూడా బండే. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో వాయవ్య భారతాన్ని ఏలిన ఇండోగ్రీకు రాజు మినాండర్‌ను బౌద్ధులు మిలిందుడన్నారు. ‘మిలిందపన్హ’ అనే పాలీ గ్రంథంలో నాగసేన భిక్షువు ఆయన్ని, రాజా, నడిచి వచ్చావా, రథమెక్కి వచ్చావా అని అడుగుతాడు. రథమెక్కి వచ్చానంటాడు రాజు. అయితే రథం ఏదో చూపించమంటాడు భిక్షువు. నొగ రథమా? ఇరుసా? చక్రాలా? కాడా? పగ్గాలా? ఒక్కొక్కటీ కాదంటాడు రాజు. పోనీ ఇవన్నీ కాక ఇంకేదైనా ఉందా? అదీ లేదు. నొగ, ఇరుసు, చక్రాలు వగైరాలను ఆధారం చేసుకుని రథమన్న మాట వాడుక అవుతుందని చివరికి రాజే ఒప్పుకుంటాడు. నాగసేనుడి గురి మనిషి మీద. రథం ఉపమానంగానే వచ్చింది. అయినా పాత కార్ల లోకానికి అంత సూటిగా తగిలే మాట ఇంకొకటి దొరకదు. అదే గ్రంథంలో మరోచోట దీపం ప్రస్తావన ఉంది. మొదటి జాములో వెలిగిన మంటా, చివరి జాములో వెలిగే మంటా ఒకటేనా? ఒకటీ కాదు, వేరూ కాదు. ఒకదాని ఆధారంగా మరొకటి ఎడతెగకుండా వెలుగుతూ వచ్చింది.

ఎడతెగకపోవడం అన్న ఆ అంశమే 1990లో లండన్ హైకోర్టులో ఒక పెద్ద వ్యాజ్యానికి కీలకమైంది. వివాదం ‘ఓల్డ్ నంబర్ వన్’ అని పేరుపడ్డ బెంట్లీ స్పీడ్ సిక్స్ మీద. అది 1929లో వుల్ఫ్ బర్నాటో, టిమ్ బిర్కిన్ నడపగా, 1930లో బర్నాటో, గ్లెన్ కిడ్‌స్టన్ నడపగా లె మాన్ 24 గంటల రేసును వరసగా రెండుసార్లు గెలిచిన కారు. తర్వాత బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద తిరిగింది. 1932లో అక్కడే 500 మైళ్ల రేసులో, అప్పటికి 8 లీటర్ల ఇంజిను అమర్చుకుని ఉన్న ఆ కారు గట్టు దాటి ఎగిరిపడి, నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ చనిపోయాడు. ఆ పైన దాన్ని బర్నాటో రోడ్డు మీద తిరిగే కూపేగా మార్పించుకున్నాడు. దశాబ్దాల తర్వాత యజమాని దాన్ని కోటి పౌండ్లకు అమ్మజూపితే, ఒప్పందం చేసుకున్న కంపెనీ ఇది అసలు ఓల్డ్ నంబర్ వన్ కాదంటూ డబ్బు కట్టడానికి నిరాకరించింది.

జస్టిస్ ఆటన్ ఆ కారును దాదాపు నాగసేనుడి పద్ధతిలోనే విప్పి చూశారు. 1929 నాటి కారులో, ఏ కాలానివో తేల్చలేని చిన్నాచితకా అమరికలు తప్ప ఏమీ మిగల్లేదు. 1930 నాటి కారులోంచి పెడల్ షాఫ్టు, గేర్‌బాక్సు పెట్టె, స్టీరింగు కాలమ్ ఉన్నాయి, అవీ మొదటి రూపంలో లేవు. 1932 నాటి చాసిస్, ఇంజినూ మాత్రం నిలిచాయి. ఇంత తేల్చాక కూడా న్యాయమూర్తి యజమాని పక్షానే తీర్పు ఇచ్చారు. కారు ఒక్కసారిగా మాయమై మళ్లీ పుట్టలేదు. ఒక్కో దశలో ఒక్కో భాగం మారుతూ అదే పేరుతో, అదే కారుగా నడుస్తూ వచ్చింది. ఓల్డ్ నంబర్ వన్ అనిపించుకోదగ్గ కారు ప్రపంచంలో మరొకటి లేదు. కాబట్టి మొదటి భాగాలతో ఉన్నదని దాన్ని అనలేకపోయినా, నిఖార్సయిన ఓల్డ్ నంబర్ వన్ అని అనవచ్చునన్నారు. ఆ తీర్పు వెనక నిలిచింది లోహం కాదు, రికార్డు. వర్క్‌షాపు పుస్తకాలు, ఆనాటి పత్రికా కథనాలు, ఫొటోలు, కారును ఎరిగినవాళ్ల మాటలు. ఇవేవీ లేకపోతే 1929కీ 1932కీ, 1932కీ 1990కీ మధ్య వంతెన లేదు.

అదే కాలంలో రచయిత డెనిస్ జెన్కిన్సన్ ఈ చిక్కును విప్పడానికి ఒక వర్గీకరణ చేశారు. ‘మోటార్ స్పోర్ట్’ పత్రికకు దశాబ్దాలు రాసిన ఆయన, 1987లో పాత రేసు కార్ల గురించి తెచ్చిన పుస్తకంలో వాటిని మెట్లు మెట్లుగా విడదీశారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన భాగాలతోనే ఉన్నవి, ఎక్కడా కనుమరుగు కాకుండా వాడుకలో సాగినవి, ఒడుదుడుకులు పడ్డా ఆనవాలు తెగనివి, శిథిలాల్ని పోగుచేసి లేపినవి, ఒకటి రెండు ముక్కల చుట్టూ కొత్తగా కట్టినవి, అసలే లేని కారుకు నకళ్లు, ఉన్న కారుకు జంటగా పుట్టించినవి. ఇంగ్లండులో ఆ వర్గీకరణ పాత కార్ల వాళ్లకు ఒక తూకంరాయిలా పనికొచ్చింది. ఆయన మాటకు అంత విలువ రావడానికి కారణముంది. 1955 మే 1న ఇటలీలో జరిగిన మిల్లె మిలియా రేసులో స్టెర్లింగ్ మాస్ పక్క సీట్లో కూర్చున్నది ఆయనే. బ్రెషా నుంచి రోముకు, తిరిగి బ్రెషాకు దాదాపు 1,600 కిలోమీటర్ల దారిలోని ప్రతి మలుపునూ ముందే తిరిగి చూసి, సుమారు ఐదున్నర మీటర్ల కాగితపు చుట్ట మీద రాసుకుని, దాన్ని ఒక పెట్టెలో తిప్పుకుంటూ చేతి సైగలతో మాస్‌కు దారి చెప్పారు. 722 నంబరు మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో రేసు గెలిచింది. దాని గురించి ఆయన రాసిన వ్యాసం రేసింగు రచనలో నేటికీ కొలబద్ద. కారు లోపల కూర్చుని చూసినవాడు రాసినది అది.

చూసినవాడి మాటకు ఎందుకు విలువ ఇవ్వాలన్న ప్రశ్నను న్యాయదర్శనం బాగా తర్కించింది. తెలుగు నేలకు చెందిన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన ‘తర్కసంగ్రహం’ ఇప్పటికీ తర్కం నేర్చుకునేవాళ్లకు తొలిపాఠం. నైయాయికుల లెక్కలో ప్రమాణాలు నాలుగు: ప్రత్యక్షం, అనుమానం (గుర్తును బట్టి ఊహించడం), ఉపమానం, శబ్దం. శబ్దమంటే ఆప్తుడి మాట. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు ఆప్తుడు. చుట్టమో స్నేహితుడో కానక్కర్లేదు, పదవి ఉండనక్కర్లేదు. ‘ఆ దేవదత్తుడే ఈయన’ అని గుర్తుపట్టడాన్ని శాస్త్రాలు ప్రత్యభిజ్ఞ అన్నాయి. అందులో రెండు కాలాలు ఒకచోట కలుస్తాయి, అప్పటి జ్ఞాపకమూ ఇప్పటి చూపూ. 1930లో లె మాన్‌లో ఉన్నవాడెవడూ ఈరోజు కారు ముందు నిలబడి ‘అదే ఇది’ అనలేడు. ఆ జ్ఞాపకం ఇప్పుడు కాగితం మీద, నెగటివ్ మీద ఉంది. ఒక మనిషిలో జరగవలసిన ప్రత్యభిజ్ఞ రెండు తరాల మధ్య పంచుకోబడింది. అందుకే రాసినవాడు ఆప్తుడా కాదా అన్నది ఇక్కడ ప్రాణప్రదమైన విషయం.

అవయవాలకూ అవయవికీ ఉన్న సంబంధం మీద నైయాయికులు బౌద్ధులతో ఏకీభవించలేదు. భాగాలకంటే వేరుగా, వాటిలో నిలిచి ఉండే మొత్తం ఒకటి నిజంగా ఉందన్నారు. అయితే ఆ పక్షాన నిలబడితే మరో ఇబ్బంది ఎదురవుతుంది. ఒక్క అవయవం పోయినా పాత అవయవి నశించి కొత్తది పుట్టిందని న్యాయానికి జంటైన వైశేషిక దర్శనపు కచ్చితమైన లెక్క చెబుతుంది. ఆ లెక్కన టైరు మార్చిన ప్రతిసారీ కొత్త కారే. పాత కార్ల విషయంలో బౌద్ధుల పక్షమే బలంగా కనిపిస్తుంది: విడిగా కారన్న పదార్థం లేదు, ఉన్నది ఎడతెగని సంతానం, అంటే ప్రవాహం, దాన్ని ఆనుకున్న వ్యవహారం. అలాగని వ్యవహారం ఎవరిష్టం వచ్చినట్టు చేసుకునేది కాదు. నిలబడటానికి దానికి ఆధారాలు కావాలి. ఆ ఆధారాలను పోగుచేయడమే కెమెరా, కలం చేసే పని.

ఫొటో ఏ కోవకు చెందిన ప్రమాణం? తీసినవాడికి ఆ క్షణంలో అది ప్రత్యక్షం. తర్వాత చూసేవాడికి అది లింగం మాత్రమే, అంటే నిప్పును ఊహించడానికి పొగ ఎలాంటిదో అలాంటిది. పొగ అనుకున్నది పొగమంచు కావచ్చు. పాత రేసు ఫొటోలో కారు తలుపు మీదున్న నంబరును చూసి ఇదే ఆ కారని తేల్చేవాళ్లు చాలామంది ఉంటారు. రేసు రేసుకీ నంబరు మారుతుంది, ఒకే నంబరు వంద కార్ల మీద ఉండొచ్చు. తర్కంలో దీన్ని సవ్యభిచార హేతువంటారు, అది ఉన్నచోటల్లా సాధ్యం, అంటే నిరూపించదలచినది, ఉండదు. రంగూ అంతే. రిజిస్ట్రేషన్ పలకను కూడా పూర్తిగా నమ్మలేం. సరిహద్దు సుంకాల కాగితాలు సరిపోవడానికి జట్లు ఒక కారు పలకను ఇంకో కారుకు బిగించిన సంగతి రేసింగు చరిత్రకారులకు బాగా తెలుసు.

నమ్మదగ్గ గుర్తులు చిన్నవాటిలో ఉంటాయి. చేత్తో కొట్టిన అల్యూమినియం బానెట్‌లో గాలికోసం కోసిన చీలికల మధ్య దూరం రెండు కార్లలో అచ్చంగా ఒకేలా ఉండదు. రివెట్ల వరస ఒకచోట కాస్త వంకరపోతుంది. ఎవరో మెకానిక్ హడావిడిగా వేసిన వెల్డింగు ఒక పక్క ఉబ్బి ఉంటుంది. అనుభవమున్న ఫొటోగ్రాఫరు చాసిస్ నంబరు కొట్టిన చోటును ఎదురు వెలుగులో తీయడు. టార్చిని దాదాపు లోహానికి ఆనించి పక్కనుంచి వెలుగు పారిస్తాడు. అప్పుడు ప్రతి అంకె అంచునా నీడ పడుతుంది. అరగదీసి మళ్లీ కొట్టిన అంకె ఉంటే దాని కింద పాత గీత లేతగా తేలుతుంది. పెయింటు పొరల కింద కప్పేసిన రేసు నంబరు గుండ్రం కూడా అదే వెలుగులో అంచు కట్టి కనిపిస్తుంది. అదే కారును పత్రిక ముఖచిత్రానికి తీసేటప్పుడు లెన్సు ముందు పోలరైజరు తిప్పి మెరుపులను తగ్గిస్తారు. రంగు నిండుగా వస్తుంది. రేకులో ఉన్న సొట్టల్ని పట్టిచ్చేది ఆ మెరుపుల వంకరే కాబట్టి సొట్టలు కూడా వాటితోపాటు దాక్కుంటాయి. ఒకే సాధనం ఒక చేతిలో వివరణ, ఇంకో చేతిలో దాపరికం.

సాక్ష్యంగా ఫొటో ఎంత వింతైనదో తెలియడానికి జాక్ ఆన్రీ లార్టీగ్ తీసిన చిత్రం ఒక్కటి చాలు. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు ఫ్రాన్స్ గ్రాండ్ ప్రీలో, రోడ్డు పక్కన నిలబడి, దూసుకుపోతున్న కారు వెంట కెమెరాను తిప్పుతూ ఆయన మీట నొక్కాడు. కారు సగమే ఫ్రేములో పడింది. వెనక చక్రం కోడిగుడ్డులా ముందుకు వాలింది. ప్రేక్షకులూ స్తంభాలూ వెనక్కి వాలారు. ఆ కెమెరాలో షట్టరు ఒక సన్నని చీలిక. దృశ్యం కిందిభాగాన్ని ముందు, పైభాగాన్ని తర్వాత ప్లేటు మీదికి వదులుతూ అది కదిలింది. అడుగు నమోదై, పైఅంచు నమోదయ్యేలోగా కారు ముందుకు జరిగిపోయింది. ఆకారం విషయంలో ఆ ఫొటో అబద్ధం, వేగం విషయంలో అంతకంటే నిజం లేదు. మరో సంగతీ ఉంది. అందులోని కారును చాలాకాలం డెలాజ్ అని రాశారు. తర్వాత కార్ల చరిత్రకారులు వివరాలు పోల్చి చూసి అది ష్నైడర్ అని తేల్చారు. చిత్రం కింద రాసిన వాక్యం తప్పింది, చిత్రమే దాన్ని దిద్దింది. శబ్దాన్ని అనుమానం సవరించిన సందర్భమిది. ఆ సవరణకు అవకాశం ఇచ్చేలా నెగటివ్‌ను ఉన్నదున్నట్టు దాచడం ఎంత ముఖ్యమో కూడా దీన్ని బట్టి తెలుస్తుంది.

పాత కారు చుట్టూ చేరేవాళ్ల భావనలో ఒక మతఛాయ ఉంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. బౌద్ధం పూజనీయ వస్తువులను మూడు రకాలుగా విడదీసింది. బుద్ధుడి శరీర ధాతువులు శారీరకాలు. ఆయన వాడిన పాత్ర, చీవరం వంటివి పారిభోగికాలు. ఆయన్ని తలపించడానికి చేసినవి ఉద్దేశికాలు. బాపట్ల జిల్లా భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాల్లో రాతి కరండాలు బయటపడ్డాయి. వాటి మీద బ్రాహ్మీ లిపిలో శాసనాలున్నాయి. లోపల ఉన్నవి బుద్ధ ధాతువులని, వాటికోసం ఫలానావాళ్లు పెట్టెలు చేయించారని అక్షరాలు చెబుతున్నాయి. ఆ అక్షరాలు లేకపోతే లోపలి ఎముక ముక్క ఎవరిదైనా కావచ్చు. ధాతువుకు ధాతుత్వం రాతవల్ల స్థిరపడింది. చాసిస్ మీద కొట్టిన అంకె, ఫ్యాక్టరీ లెడ్జరులోని వరస, రేసు రోజు తీసిన ఫొటో, ఇవి ఆ కరండం మీది రాత లాంటివే. రేసరు పట్టుకున్న స్టీరింగు చక్రం పారిభోగికం. నకలు కారు, ఫొటో, పుస్తకం ఉద్దేశికాలు. ఉద్దేశికాన్ని బౌద్ధులు తక్కువ చేయలేదన్న మాట గుర్తుంచుకోవలసిందే, ధాతువు అందనిచోట భక్తికి అదే ఆలంబన. నకలును నకలని చెప్పినంతకాలం దానికీ గౌరవం ఉంది.

శారీరక ధాతువు అంటే ఏమిటో చూపించే కారు ఒకటి ఉంది. స్విట్జర్లాండు, ఇటలీ మధ్య ఉన్న మజోరె సరస్సులో 1930లలో సుంకం కట్టని ఒక బుగాటీ బ్రెషా రోడ్‌స్టర్‌ను ముంచేశారు. గొలుసు తెగి అది 50 మీటర్లకు పైగా లోతుకు జారిపోయింది. 2009 జూలైలో పైకి తీశారు. ఒక పక్క తుప్పు తినేసి రేకు అరటాకు నమిలినట్టయింది, బురదలో కూరుకున్న పక్క మాత్రం కొంత నిలిచింది. హింసకు బలైన ఒక స్థానిక యువకుడి పేరిట పెట్టిన సంస్థ కోసం దాన్ని 2010 జనవరిలో వేలం వేస్తే 2,60,500 యూరోలు వచ్చాయి. కొన్నవారు దాన్ని బాగుచేయించలేదు. అలాగే కాలిఫోర్నియాలోని మల్లిన్ మ్యూజియంలో ఉంచారు. అది నడవదు, నడవబోదు. దాన్ని చూడటానికి వచ్చినవాళ్లు చూసింది కాలాన్ని.

2014లో పశ్చిమ ఫ్రాన్స్‌లోని ఒక ఎస్టేటులో బయ్యోఁ కుటుంబం కార్లు బయటపడ్డప్పుడు ఫొటోకు ఉన్న శక్తి ఇంకో రకంగా తెలిసింది. షెడ్డులో ఒక ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్, దాని మీద పాత పత్రికల కట్టలు, అన్నిటి మీదా దుమ్ము. వేలం సంస్థ ఆర్ట్‌క్యూరియల్ ఆ దృశ్యాన్ని ఫొటోలుగా లోకమంతా చూపించింది, కార్లను దుమ్ముతోనే ప్రదర్శనకు పెట్టింది. ఆ స్పైడర్ ఒకప్పుడు నటుడు అలేన్ దెలోన్‌ది. 1960లలో జేన్ ఫోండాతో కలిసి అందులో కూర్చున్న ఫొటోలు ఉన్నాయి. 2015 ఫిబ్రవరిలో కారు సుమారు 1.63 కోట్ల యూరోలకు పోయింది. ఒక ఫొటో దెలోన్‌ను చూపింది, మరో ఫొటో దుమ్మును చూపింది. రెంటి మధ్య అర్ధశతాబ్దం మౌనంగా గడిచిందని జనం కళ్లతో చూశారు. ఇక్కడ సాక్ష్యం, ప్రచారం ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఏది ఎక్కడ ఆగిందో చెప్పడం కష్టం. దుమ్ము నిజమైనదే అయినా ‘ఇలాంటి దుమ్ము విలువైనది’ అని ఫొటోలు లోకానికి నేర్పాక, తర్వాత దొరికే కార్ల మీద దుమ్మును ఎవరైనా కావాలని నిలిపి ఉంచవచ్చు. సాక్షి చూస్తున్నాడని తెలిస్తే చూడబడేది మారుతుంది. ఈ మార్పును గమనించి రాయడం కూడా రచయిత బాధ్యతలోనిదే.

పునరుద్ధరణా, సంరక్షణా అన్న వివాదం ఈ నేపథ్యంలోంచే వచ్చింది. 1950లో మొదలైన కార్ల ప్రదర్శన పెబుల్ బీచ్ కాంకూర్‌లో దశాబ్దాలపాటు అద్దంలా మెరిసే కార్లకే పెద్దపీట. 2001లో అక్కడ బాగుచేయని కార్లకు ప్రత్యేక విభాగం పెట్టారు. 2024లో మొదటిసారి అలాంటి కారు, 1934 నాటి బుగాటీ టైప్ 59, మొత్తం ప్రదర్శనలో ఉత్తమమైనదిగా గెలిచింది. ఆనాటి పెయింటు పగుళ్లు తీసేసి కొత్త రంగు వేయడమంటే ఒక శాసనాన్ని చెరిపి అదే చోట అందమైన అక్షరాలు చెక్కడమే. పాత కార్ల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2013 నుంచి అమల్లో పెట్టిన టూరిన్ చార్టర్ కూడా ఈ దారిలోనే నడుస్తుంది. చేసిన ప్రతి పనినీ నమోదు చేయాలంటుంది, కొత్తగా వేసిన భాగం పాతదానినుంచి వేరుగా తెలిసేలా గుర్తు వేయాలంటుంది. సౌందర్యం పేరిట సాక్ష్యాన్ని మింగేయవద్దన్నది దాని భావం.

ఫ్యాక్టరీయే మళ్లీ కడితే? 1957 ఫిబ్రవరి 12న జాగ్వార్ వారి బ్రౌన్స్ లేన్ కర్మాగారంలో అగ్నిప్రమాదం జరిగి, తలపెట్టిన 25 ఎక్స్‌కేఎస్‌ఎస్ కార్లలో తొమ్మిది ఆహుతయ్యాయి. ఆ తొమ్మిదింటికి బదులుగా అంటూ జాగ్వార్ 2016లో కొత్త కార్లు కట్టడానికి పూనుకుంది. కట్టింది అదే సంస్థ, నమూనా అదే, లోహం మాత్రం ఈ కాలానిది. పూరీలో జగన్నాథుడి దారుమూర్తులను కొన్నేళ్లకొకసారి, చివరిగా 2015లో, మార్చే నవకళేబర వేడుకలో ఇలాంటి ప్రశ్నకు ఆలయం తనదైన జవాబు చెబుతుంది. బ్రహ్మపదార్థాన్ని పాత మూర్తిలోంచి కొత్త మూర్తిలోకి మారుస్తారు, పాతవాటిని కోయిలి వైకుంఠంలో పూడుస్తారు. కొత్త మూర్తే జగన్నాథుడు, అందులో ఏ భక్తుడికీ సందేహం ఉండదు. అక్కడ బదిలీ జరిగింది, పాతదానికి అంత్యక్రియ జరిగింది. జాగ్వార్ విషయంలో బదిలీ అయినది ఏదీ లేదు. కాలిపోయినవాటికీ కొత్తవాటికీ మధ్య దాదాపు అరవై ఏళ్ల ఖాళీ ఉంది. అవి చక్కటి కార్లే, కానీ 1957 కార్లు కావు. కట్టే అధికారం ఉన్నంతమాత్రాన గతాన్ని ప్రసాదించే అధికారం రాదు.

ఎడతెగని చరిత్రే కారును కారుగా నిలిపేదైతే, ఆ చరిత్రలో చేదు భాగాన్ని వదిలేసే హక్కు ఎవరికీ లేదు. ఓల్డ్ నంబర్ వన్ పేరు చెప్పుకునే కారు 1932లో క్లైవ్ డన్‌ఫీ ప్రాణం పోగొట్టుకున్న కారు కూడా. 1955లో మిల్లె మిలియాలో గెలిచిన 300 ఎస్‌ఎల్‌ఆర్ రకపు కారే ఆరు వారాల్లో లె మాన్ ప్రేక్షకుల మీద విరిగిపడి ఎనభై మందికి పైగా చనిపోయారు. 1930లలో జర్మనీ వెండి కార్లు గెలిచిన విజయాల వెనక నాజీ ప్రభుత్వ ధనం ఉంది. ఇవి రాస్తే కారు ధర తగ్గుతుందనో, పండగ వాతావరణం చెడుతుందనో దాటవేయడం చాలా వేలం పుస్తకాల్లో, ప్రదర్శన సంచికల్లో కనిపిస్తుంది. రచయితకు జీతమిచ్చేది అమ్మేవాడే అయినప్పుడు ఈ ఒత్తిడి మరీ ఎక్కువ. మౌనం అబద్ధం అవుతుందా అని ధర్మశాస్త్రాలు చాలా చర్చించాయి. సాక్షి విషయంలో మాత్రం సందేహానికి తావులేదు. అడిగినదానికి తెలిసీ చెప్పకపోతే అతను సాక్షే కాడు.

ఈ కార్లను నడపాలా, నిలపాలా అన్నది చివరిగా మిగిలే ప్రశ్న. ఏదో ఒక పని చేయగలిగినదే నిజంగా ఉన్నట్టు అన్నాడు బౌద్ధ తాత్త్వికుడు ధర్మకీర్తి. ఆ లెక్కన నడవని రేసు కారు కారే కాదు. నడిపితే మాత్రం అసలు లోహం అరుగుతుంది, విరిగిన భాగం మారుతుంది, ధాతువు కొంచెం కొంచెంగా కరుగుతుంది. ఫిలడెల్ఫియాలో న్యూరోసర్జన్ ఫ్రెడ్ సిమియోన్ నెలకొల్పిన మ్యూజియం మధ్యేమార్గం ఎంచుకుంది. కార్లను వీలైనంతవరకు బాగుచేయకుండా ఉంచుతూనే, అప్పుడప్పుడూ జనం ముందు వెనకనున్న ఆవరణలో నడిపి చూపిస్తుంది. అక్కడున్న 1964 నాటి షెల్బీ కోబ్రా డేటోనా కూపే, సీఎస్ఎక్స్2287, 2014లో అమెరికా జాతీయ చారిత్రక వాహనాల రిజిస్టరులో నమోదైన మొదటి కారు. కొలతల చిత్రాలు, ఫొటోలు, రాసిన చరిత్ర కలిపి దాని నమోదును లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేర్చారు. ఆ మోటారు శబ్దం, వేడెక్కిన నూనె వాసన కాగితానికి ఎక్కవు. అయినా రేపు ఆ కారు ఒక మలుపులో గోడకు తగిలితే, మళ్లీ కట్టినది ఎంతవరకు అదో కొలవడానికి ఆ ఫైలే గీటురాయి.

భారతదేశంలో ఈ చర్చ చట్టం రూపంలో వచ్చింది. కేంద్ర మోటారు వాహనాల నియమాలకు 2021 జూలైలో చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు వింటేజ్ వాహనాలు. వాటి నంబరులో రాష్ట్ర అక్షరాల తర్వాత ‘వీఏ’ వస్తుంది. రుసుము కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. ప్రదర్శనలకూ ర్యాలీలకూ పరిశోధనకూ తిప్పుకోవచ్చు గాని రోజువారీ వాడకానికి వీల్లేదు. అన్నిటికంటే గట్టి షరతు మరొకటి. వాహనం అసలు రూపంలో ఉండాలి, చాసిస్‌లో గాని బాడీలో గాని ఇంజిన్‌లో గాని పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. అది తేల్చే పనిని రాష్ట్రాలు నియమించే కమిటీకి అప్పగించారు. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా ఆ కమిటీ ముందుకు ఒక పాత స్పోర్ట్స్ కారు వచ్చిందంటే, వాళ్లు తేల్చవలసింది నాగసేనుడు మిలిందుణ్ని అడిగిన ప్రశ్ననే. ఓల్డ్ నంబర్ వన్ లాంటి కారు, నిఖార్సయినదని కోర్టు చెప్పినా, ఈ నియమం మాటల ప్రకారం నిలబడదు. ఎడతెగని చరిత్రకు ఆ వాక్యంలో చోటు లేదు. చోటు కల్పించాలంటే దరఖాస్తుతోపాటు ఏ భాగం ఎప్పుడు, ఎవరి చేతుల్లో, ఎందుకు మారిందో తారీఖులతో రాసిన చరిత్రనూ, మార్పుకు ముందూ వెనకా తీసిన ఫొటోలనూ ప్రమాణంగా స్వీకరించాలి.